పది తప్పితే సూరత్ బండేనా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే మన భంజనగర్ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట వినబడుతుంది. "వాడికి చదువు అబ్బలేదు. సూరత్‌లో మావయ్య ఉన్నాడుగా, మగ్గం పని నేర్పిస్తాడు." బరంపురం స్టేషన్లో బండెక్కే కుర్రాళ్ళలో మీసాలు రానివాళ్ళూ ఉంటారు. మరమగ్గాల దగ్గర 12 గంటల షిఫ్టు ఎలా ఉంటుందో, ఆ చప్పుడుకి చెవులు ఏమవుతాయో మన ఇళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

అప్పు తీరాలి కదా అంటారు. నిజమే. కానీ పది పాసైన కాగితం లేనివాడికి రేపు మిల్లు మూతబడితే ఇంకో పని దొరకడం కష్టం. పైగా 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 18 లోపు వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు.

మళ్ళీ అదే బడికి పోవాలంటే పిల్లాడికి సిగ్గు. అలాంటివాళ్ళ కోసమే 1989లో జాతీయ ఓపెన్ స్కూలు పెట్టారు. 14 ఏళ్ళు నిండితే పదిలో చేరొచ్చు. 5 సబ్జెక్టులు చాలు, అందులో ఒక భాష ఉండాలి. లెక్కలు తప్పనిసరి కాదు, కానీ ఐ.టి.ఐ.కో పాలిటెక్నిక్‌కో పోవాలనుకుంటే లెక్కలు, సైన్సు తీసుకోవడమే మంచిది. తెలుగులోనూ ఒడియాలోనూ చదవొచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఒకసారి కట్టిన పేరుమీద 5 ఏళ్ళలో 9 అవకాశాలు. పాత బోర్డులో పాసైన రెండు సబ్జెక్టుల మార్కులు ఇక్కడికి కలుపుకోవచ్చు.

చిక్కొకటుంది. ఇక్కడ రోజూ అడిగే మాస్టారు ఉండరు. పుస్తకాలిచ్చి వదిలేస్తే పిల్లాడు మళ్ళీ జారిపోతాడు. తెలుగునాట శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో చేసింది చూడండి. పని మానిపించిన పిల్లల్ని నేరుగా బడిలో కూర్చోబెట్టలేదు. ముందు శిబిరాల్లో ఉంచి, ఆటపాటలతో మొదలుపెట్టి, వెనకబడిన చదువు నేర్పి, ఆ తర్వాతే వయసుకు తగ్గ తరగతికి పంపారు. ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులతో, పనిలో పెట్టుకున్నవాళ్ళతో మాట్లాడారు. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది.

మన వీధిలో శిబిరం లేకపోవచ్చు. డిగ్రీ చదివే అక్కో అన్నో ఒకరుంటారు. సాయంత్రం గంటసేపు ముగ్గురు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టమని అడుగుదాం. సూరత్‌లో ఉన్న నాన్న ఫోన్ చేసినప్పుడు "మార్కులెన్ని?" అని కాకుండా "ఇవాళ ఏం చదివావురా?" అని అడిగితే చాలు. పక్కింటివాడితో పోల్చి తిట్టొద్దు. పిల్లాడు మాట తగ్గించినా, అన్నం మానేసినా, రాత్రుళ్ళు ఇంటికి రాకపోయినా ముందు కూర్చోబెట్టి వినండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుంది.

టికెట్ కొనేముందు పాత మార్కుల కాగితం, పుట్టినతేదీ పత్రం పట్టుకుని దగ్గర్లోని ఓపెన్ స్కూలు కేంద్రం ఎక్కడుందో హైస్కూలు హెడ్‌మాస్టారిని అడగండి. వెళ్ళేటప్పుడు పిల్లాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళండి. ఏ సబ్జెక్టులు కావాలో వాణ్ణే చెప్పనివ్వండి.