దిగుబడి లెక్క: ముందు కూడాలా, ముందు భాగించాలా?

వ్యవసాయ గణాంకాలను పవర్ బీఐ వంటి నివేదికల సాఫ్ట్‌వేర్‌లో చూడటం ఇప్పుడు సాధారణమైంది. ఇందులో నిల్వ ఉండే దత్తాంశం వేరు, దాని నుంచి రాబట్టే కొలమానం వేరు. విస్తీర్ణం, ఉత్పత్తి క్షేత్రం నుంచి వచ్చిన అంకెలు. హెక్టారు దిగుబడి వాటి నిష్పత్తి.

ఈ నిష్పత్తిని రెండు విధాలుగా నిర్వచించవచ్చు. కాలిక్యులేటెడ్ కాలమ్‌గా రాస్తే ప్రతి వరుసకూ విలువ కట్టి పట్టికలోనే నిల్వ చేస్తుంది. మెజర్‌గా రాస్తే సూత్రం మాత్రమే నిలుస్తుంది. చూసేవారు జిల్లానో, సీజన్‌నో ఎంచుకున్నప్పుడు ఆ వరుసలపై అప్పటికప్పుడు లెక్క జరుగుతుంది.

ఒక మండలంలో 1,000 హెక్టార్ల వరి హెక్టారుకు 6 టన్నులు, పక్క మండలంలో 4,000 హెక్టార్లు 4 టన్నుల చొప్పున పండాయనుకుందాం. కాలమ్‌లోని దిగుబడులకు సగటు తీస్తే 5 టన్నులు వస్తుంది. మొత్తం 22,000 టన్నులను 5,000 హెక్టార్లతో భాగిస్తే వచ్చేది 4.4 మాత్రమే. మొదటి అంకెను నమ్మితే లేని 3,000 టన్నుల ధాన్యం కాగితంపై పండుతుంది. గోనె సంచులు, గోదాములు, లారీల ఏర్పాట్లు దాన్ని బట్టే జరుగుతాయి.

అలాగని ముందు కూడి తర్వాత భాగించడం అన్నిచోట్లా చెల్లదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో పంట కోత ప్రయోగాల దిగుబడిని హామీ దిగుబడితో పోల్చి, లోటును హామీ దిగుబడితో భాగించి, బీమా మొత్తంతో గుణిస్తారు. సమాన విస్తీర్ణమున్న రెండు బీమా యూనిట్లకు హామీ 4 టన్నులు; ఒకచోట 3, మరొకచోట 5 పండాయనుకోండి. మొదటిదానికి లోటు 25 శాతం. రెండూ కలిపితే సగటు 4, లోటు సున్నా! నష్టపోయిన ఊరి పరిహారం పొరుగూరి మిగులులో కలిసిపోతుంది. ఇక్కడ లోటును యూనిట్ వారీగానే తేల్చి, మిగులున్నచోట సున్నాగా తీసుకొని, ఆపైనే పరిహారాలను కూడాలి. డాక్స్ భాషలోని సమ్‌ఎక్స్ ఫంక్షన్ వరుస వరుసకూ లెక్కించి కూడేది ఇందుకే.

హారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ముంపుతో కోతకు రాని పొలాన్ని విస్తీర్ణం నుంచి తీసేస్తే తుఫాను ఏడాదిలోనూ దిగుబడి బాగున్నట్లే కనిపిస్తుంది. ఆ పొలం దిగుబడి గడిని ఖాళీగా వదిలినా అంతే: యావరేజ్ ఫంక్షన్ ఖాళీని వదిలేస్తుంది, సున్నాను మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది. అందువల్ల ‘సగటు దిగుబడి’ అన్న శీర్షిక చాలదు. విత్తిన విస్తీర్ణంపైనా, కోసిన విస్తీర్ణంపైనా అన్నది అక్కడే రాయాలి.