అకౌంట్ అద్దెకిస్తే... కేసు ఫ్రీ!

‘నీ అకౌంట్ ఖాళీగానే ఉందిగా బ్రో... వారం రోజులు ఇవ్వు చాలు. వచ్చిన దాంట్లో నీకు కమీషన్.’

టెలిగ్రామ్‌లోనో, హాస్టల్లో సీనియర్ ద్వారానో ఇలాంటి ఆఫర్ మీ దాకా వచ్చే ఉంటుంది. పని లేదు, పెట్టుబడి లేదు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, అకౌంట్‌కి లింకైన సిమ్ ఇస్తే చాలట. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కూడా చెబితే కమీషన్ ఇంకాస్త పెరుగుతుందట!

సైబర్ మోసం అనగానే డబ్బు పోగొట్టుకున్న వాళ్ల గురించే మాట్లాడుకుంటాం. జేబులోంచి రూపాయి పోకుండానే ఇరుక్కునేవాళ్లూ ఉన్నారు. బ్యాంకుల భాషలో వీళ్ల ఖాతాలను ‘మ్యూల్ అకౌంట్లు’ అంటారు. మ్యూల్ అంటే కంచర గాడిద. మూట మోయడమే దాని పని, లోపల ఏముందో దానికి తెలీదు. పేరు మాత్రం భలే కుదిరింది.

మూటలో ఏముంటుందంటే...

వైజాగ్‌లో ఓ రిటైర్డ్ టీచర్‌కి ‘మీ పేరు మీద డ్రగ్స్ పార్శిల్ దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం’ అని వీడియో కాల్ వచ్చిందనుకోండి. (అన్నట్టు, డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్క ముక్క ఇవాళే చెప్పండి.) భయపడి ఆవిడ పంపిన 5 లక్షలు దొంగ సొంత ఖాతాకి వెళ్లవు. ముందు మీ అకౌంట్‌లో పడతాయి. నిమిషాల్లో పది ముక్కలై ఇంకో పది అకౌంట్లకి పోతాయి. అక్కణ్నుంచి ఏటీఎం విత్‌డ్రాయల్స్‌గానో, క్రిప్టోగానో మాయం. పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తే మొదట కనిపించే పేరు, ఆధార్, ఫొటో ఎవరివి? మీవే.

ముందు అకౌంట్ ఫ్రీజవుతుంది. స్కాలర్‌షిప్, నాన్న పంపే డబ్బు అందులోనే పడుతుంటే మెస్ బిల్లుకీ దిక్కుండదు. బాధితులు ఏ రాష్ట్రంలో ఫిర్యాదు చేస్తే అక్కడి నుంచి నోటీసు వస్తుంది. నాలుగు రాష్ట్రాల వాళ్ల డబ్బు మీ ఖాతాలోంచి వెళ్తే నాలుగు చోట్లా సమాధానం చెప్పుకోవాలి. ‘నాకేం తెలీదు సార్, ఫ్రెండ్ అడిగితే ఇచ్చా’ అంటే, కమీషన్ తీసుకున్నాక ఎవరు నమ్ముతారు? ఫోన్, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసగిస్తే ఐటీ చట్టం సెక్షన్ 66డీ కింద మూడేళ్ల వరకు జైలు. ఆ కేసులో మీ పేరూ చేరొచ్చు. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్దామనుకునేవాళ్లు పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ సంగతి కూడా ఆలోచించుకోవాలి.

దొరకంలే అనుకోకండి. ఇలాంటి ఖాతాలను పసిగట్టడానికే రిజర్వ్ బ్యాంక్ ఇన్నొవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్ డాట్ ఏఐ’ అనే టూల్ తయారు చేసింది. మొన్నటిదాకా వెయ్యి, రెండు వేలు తిరిగిన స్టూడెంట్ అకౌంట్‌లో ఉన్నట్టుండి లక్షలు వచ్చి, వచ్చినట్టే వెళ్లిపోతే అనుమానం రాకుండా ఉంటుందా?

తెలీకుండా ఇరుక్కునేవాళ్లదే అసలు బాధ. ‘కస్టమర్ల పేమెంట్లు మీ ఖాతాలో తీసుకుని మాకు పంపండి, ఇదే జాబ్’ అంటారు. నిజం కంపెనీకి కరెంట్ అకౌంట్ ఉండదా, మీ సేవింగ్స్ అకౌంట్ ఎందుకు? క్రిప్టో అమ్మేటప్పుడు కొన్న మనిషి ఒకరు, డబ్బు పంపిన ఖాతా ఇంకొకరిదైతే అక్కడే ఆగిపోండి. ఎవరో ‘పొరపాటున పంపాను, ఈ నంబర్‌కి తిరిగి కొట్టండి’ అంటే మీరు పంపొద్దు. వాళ్ల బ్యాంకులో ఫిర్యాదు చేసుకోమనండి. ఆ విషయం మీ బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి, ఆ డబ్బు ముట్టుకోవద్దు.

ఇప్పటికే ఇచ్చేశారా? కార్డు, నెట్ బ్యాంకింగ్ ఇప్పుడే బ్లాక్ చేయించి, బ్యాంకులో లెటర్ ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి. నోటీసొస్తే దాచిపెట్టకుండా ఇంట్లో చెప్పి లాయర్ని కలవండి.

పోయింది మీ డబ్బే అయితే?

వెంటనే 1930కి కాల్ చేయాలి. సిగ్గుపడి రేపు చూద్దాం అనుకుంటే డబ్బు ఇంకో పది ఖాతాలు దాటుతుంది. అది ఎవరి అకౌంట్‌లో ఉండగా పట్టుకుంటే అక్కడే ఆపే వీలుంటుంది. ట్రాన్సాక్షన్ నంబర్ చేతిలో పెట్టుకుని మాట్లాడండి. బ్యాంకుకీ విడిగా చెప్పాల్సిందే. రిజర్వ్ బ్యాంక్ 2017 రూల్ ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు డబ్బు లాగేస్తే, మూడు పని దినాల్లోపు చెబితే మీకు నష్టం సున్నా. ఓటీపీ మీరే చెప్పేస్తే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ ఖాతాలోనే పడుతుంది, ఆ తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. బ్యాంకు 30 రోజులైనా పలకకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉంది, నంబర్ 14448.

ఇక సిమ్ సంగతి. మీ పేరు మీద ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో ‘సంచార్ సాథీ’లో మీ మొబైల్ నంబర్‌తో లాగిన్ అయి చూడొచ్చు. మీకు తెలీని నంబర్ కనిపిస్తే ‘నాది కాదు’ అని అక్కడే రిపోర్ట్ కొట్టొచ్చు.