సిగ్గుపడుతూ వేసుకున్న తొడుగు

ఒట్టి చేతులతో క్యాచ్ పట్టడం క్రికెట్ ఫీల్డర్‌కు గర్వకారణం. ఒకప్పుడు బేస్‌బాల్‌లోనూ అంతే. విరిగిన వేళ్లు, వంకర తిరిగిన కీళ్లు అక్కడ మామూలే. అందుకే 1875లో సెయింట్ లూయిస్ ఆటగాడు చార్లెస్ వెయిట్ తోలు గ్లవ్ వేసుకుని ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డప్పుడు, అది ఎవరి కంటా పడకూడదని చర్మం రంగుదే ఎంచుకున్నాడు. బోస్టన్ ఆటగాడు ఆల్బర్ట్ స్పాల్డింగ్ మాత్రం పసిగట్టి ఆరా తీశాడు. వేసుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉందని వెయిట్ ఒప్పుకున్నట్టు 1911లో వెలువడిన తన పుస్తకంలో ఆయన రాశాడు.

స్పాల్డింగ్ వ్యాపారి కూడా. 1876లో క్రీడాసామగ్రి దుకాణం తెరిచాడు. మరుసటి ఏడాది అందరికీ కనిపించేలా నల్లటి గ్లవ్‌తో మైదానంలోకి దిగాడు. అంత పేరున్న ఆటగాణ్ని వెక్కిరించేదెవరు? ఆ ధైర్యం వెనుక దుకాణం లెక్కలు అసలే లేవనుకోవడం మాత్రం కష్టం.

అయితే అప్పటి గ్లవ్ చేతిని కాపాడేదే తప్ప బంతిని పట్టేది కాదు. దెబ్బ అరచేతికే తగిలేది. ఆ తీరు మార్చింది సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచర్ (అంటే బంతి విసిరేవాడు) బిల్ డోక్. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు పట్టీలు అల్లితే బంతి ఇమిడే గూడు ఏర్పడుతుందన్నది అతని ఆలోచన. రాలింగ్స్ కంపెనీ దాన్ని తయారుచేసింది. 1922లో పేటెంట్ వచ్చింది. దాంతో బంతి పట్టే చోటు అరచేతి నుంచి ఆ అల్లికకు జరిగింది. 1957లో విల్సన్ కంపెనీ తెచ్చిన ఏ2000 ఆ గూటిని మరింత లోతు చేసింది. 1870ల్లో మ్యాచ్‌కు అనేక ఫీల్డింగ్ తప్పిదాలు జరిగేవి; ఇప్పుడు ఒక్కో జట్టుకు సగటున ఒకటి కూడా లేదు. ఆటగాడి నైపుణ్యం పెరిగిందా, తోలు సాయపడిందా అన్న వాదన తేలేది కాదు. పిచ్‌లు, బంతులు మెరుగైన మాట నిజమే అయినా, తోలు వాటా తక్కువేం కాదు.

కొత్త గ్లవ్ చెక్కలా బిగుసుకుని ఉంటుంది. నూనె పట్టించి, గూట్లో బంతి పెట్టి, రాత్రంతా కట్టి ఉంచి మెత్తబరుస్తారు. అంత అపురూపంగా చూసుకునే వస్తువునే, బ్యాటింగ్‌కు వెళ్లేటప్పుడు మైదానంలో గడ్డి మీద వదిలేసి పోయేవారు! 1954లో ఆ అలవాటును నిషేధించారు.

క్రికెట్‌కు మాత్రం గ్లవ్ అంటే ఇప్పటికీ అనుమానమే. ఫీల్డింగ్ జట్టులో వికెట్ కీపర్‌కు తప్ప ఎవరికీ అనుమతి లేదు. ఆ కీపర్ గ్లవ్‌లోనూ వేళ్ల మధ్య అల్లిక కూడదు, ఒక్క బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తప్ప. సరిగ్గా డోక్ పట్టీలు అల్లిన చోటే.