క్యాథ్‌ల్యాబ్‌లో చెదిరే కిరణాలు

గుండె రక్తనాళాల్లో పూడిక ఎక్కడుందో చూసే యాంజియోగ్రామ్‌లో రోగికి అందే రేడియేషన్ చాలావరకు 3 నుంచి 7 మిల్లీసీవర్టుల మధ్య ఉంటుంది. స్టెంట్ వేస్తే ఇంకా పెరుగుతుంది. నేల నుంచీ నింగి నుంచీ మనందరికీ ఏటా అందేది ప్రపంచ సగటున 2.4. కాబట్టి గుండెపోటు వచ్చినవారు రేడియేషన్‌కు జంకి చికిత్స మానుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రోగికి అది ఎప్పుడో ఒకసారి. ఈ పరీక్ష జరిగే క్యాథ్‌ల్యాబ్‌లో పక్కన నిలబడే డాక్టరుకు, నర్సుకు, టెక్నీషియన్‌కు రోజూ అదే పని. వాళ్ల మీద ఎక్కువగా పడేది ఎక్స్‌రే ట్యూబు నుంచి సూటిగా వచ్చే కిరణం కాదు, రోగి ఒంటిని తాకి చెదిరిన కిరణం. అందుకే రోగికి తగ్గించిన ప్రతి మోతాదూ సిబ్బందికీ తగ్గుతుంది. ఇద్దరి రక్షణనూ వేరు చేసి చూడటం పొరపాటు.

సీసపు ఏప్రాన్ వేసుకుంటున్నారు కదా అనవచ్చు. అది చెదిరిన కిరణాల్లో తొంభై శాతానికి పైగా ఆపుతుంది, నిజమే. కానీ కళ్లు, తల, చేతులు దాని బయటే ఉంటాయి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో కంటి కటకానికి ఏటా 150 మిల్లీసీవర్టులున్న పరిమితిని అయిదేళ్ల సగటున 20కి దించింది. మలేసియాలో పరీక్షించిన హృద్రోగ నిపుణుల్లో సగం మందికి పైగా కటకం వెనక భాగంలో మసకలు కనిపించాయి. ఈ పనిలో లేనివారిలో పదిమందికి ఒకరిలోనూ కనిపించలేదు. చిన్న అధ్యయనమే అయినా తేడా కొట్టిపారేయదగ్గది కాదు. ఏప్రాన్ లోపల పెట్టుకున్న, మోతాదు కొలిచే బ్యాడ్జి కంటి సంగతి చెప్పదు. సీసపు కళ్లద్దాలు, పైకప్పు నుంచి వేలాడే సీసపు గాజుతెర కూడా ఉండాల్సిందే.

మోతాదు తగ్గిస్తే బొమ్మ మసకబారి స్టెంట్ తప్పుచోట పడదా అన్నది బరువైన ప్రశ్న. అయితే ప్రతి క్షణమూ ఒకే స్పష్టత అక్కర్లేదు. నాళంలో తీగ కదలిక చూడటానికి సెకనుకు 15 చిత్రాల బదులు 7.5 తరచూ సరిపోతాయి, రేడియేషన్ దాదాపు సగమవుతుంది. సూక్ష్మంగా చూడాల్సినప్పుడు పెంచుకోవచ్చు. బొమ్మను పట్టే డిటెక్టర్‌ను ఛాతీకి దగ్గరగా దించడం, బల్లను ట్యూబు నుంచి పైకి జరపడం, చూడనప్పుడు ఎక్స్‌రే పెడల్ మీంచి కాలు తీయడం బొమ్మను చెడగొట్టవు. డిటెక్టర్‌ను రోగి ఎడమవైపుకు వంచినప్పుడు ట్యూబు డాక్టరు వైపుకొస్తుంది. ఆ కోణాన్ని అవసరం మేరకే వాడాలి. పూర్తిగా మూసుకున్న నాళాన్ని తెరిచే సుదీర్ఘ చికిత్సలో కిరణం ఒకే చర్మభాగం మీద పడుతూ అక్కడ పీల్చుకున్న మోతాదు 2 గ్రేలు దాటితే చర్మం కందిపోవచ్చు. అంతకు చాలా ఎక్కువైతే వీపు మీద పుండు వారాల తర్వాత బయటపడవచ్చు. అప్పుడు చూసే చర్మవైద్యుడికి కారణం తట్టకపోవచ్చు. యంత్రం తెరపై చూపే మోతాదును డిశ్చార్జి సమ్మరీలో రాయాలి. ఎక్కువైతే వీపు చూసుకుంటుండమని ఇంట్లోవాళ్లకు చెప్పి పంపాలి.