అనుకరణ విమానయానమున యాథార్థ్యము, వినోదము

ఇంటియందలి కంప్యూటరు ముందు కూర్చుండి విమానమును నడపు క్రీడకు 'ఫ్లైట్ సిమ్యులేషను' అని పేరు. బ్రూస్ ఆర్ట్‌విక్ రచించిన ప్రోగ్రాము ఆధారముగా మైక్రోసాఫ్టు సంస్థ 1982లో వెలువరించిన 'ఫ్లైట్ సిమ్యులేటర్' దీనికి విశేష ప్రచారము కల్పించినది. తొలినాళ్ళలో ఇది ఏకాంత క్రీడ. ఆకాశమున ఇతర విమానములుండెడివి కావు. ఉన్నను అవి యంత్రము కల్పించిన నీడలే. 1990 దశకము చివర ఇంటర్నెట్టు సాయమున, వేర్వేరు దేశములందలి ఆటగాండ్రు ఒకే ఆకాశమును పంచుకొనసాగిరి. కొందరు పైలట్లుగను, మరికొందరు వారికి మార్గము నిర్దేశించు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగను పాత్రలు ధరించిరి. 1998లో ఐ.వి.ఎ.ఓ., 2001లో వాట్‌సిమ్ అను సంస్థలు ఏర్పడినవి. రెండింటిని నడపువారును స్వచ్ఛంద సేవకులే. పాల్గొనుటకు రుసుము లేదు.

ఈ క్రీడయందు యాథార్థ్యమెంత ఉండవలెను, వినోదమెంత ఉండవలెను అనునది ఆటగాండ్ర నడుమ తెగని వాదము. నిజమైన విమానమున జరుగునదే ఇచటను జరుగవలెననియు, లేనిచో ఇది పిల్లలాట యగుననియు ఒక పక్షము వాదించును. పగలంతయు ఉద్యోగము చేసి, రాత్రి రెండు గంటలు ఉల్లాసమునకై కూర్చుండినవానికి ఇన్ని కట్టుబాట్లేల యని రెండవ పక్షము ప్రశ్నించును. ఈ వాదము భాషాసాహిత్య పరిశోధకులకు సంబంధించనిది కాదు. అనుకరణమునకును ఆనందమునకును గల సంబంధము అలంకారికుల ప్రాచీన సమస్య. ఈ క్రీడయందలి యాథార్థ్యమునకు ముఖ్యాధారమో, వాక్కు.

1. అనుకరణమును క్రీడయు

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున దేవతలు బ్రహ్మను కోరినది, కంటికి కనబడునదియు చెవికి వినబడునదియు నగు ఒక క్రీడనీయకమును, అనగా ఆటవస్తువును. లోకవృత్తమును అనుకరించుటయే నాట్యమని ఆ అధ్యాయమే నిర్వచించినది. కావున అనుకరణమును క్రీడయు పరస్పర విరుద్ధములను భావము భరతునకు లేదు.

అనుకరణమునకు భరతుడు రెండు ధర్ములను చెప్పెను. లోకమున ఉన్నదానిని ఉన్నట్లు చూపుట లోకధర్మి. సంకేతముచే చూపుట నాట్యధర్మి. రంగస్థలముపై నాలుగడుగులు తిరిగినంతనే పాత్రధారి ఒక దేశమునుండి మరియొక దేశమునకు చేరెనని ప్రేక్షకులు అంగీకరింతురు. తెలుగువారి తోలుబొమ్మలాటయందు ఒక్క గాయకుడే పలు బొమ్మలకు గొంతు నిచ్చినను రసభంగము కలుగదు. లోకధర్మి ఎచట ఉండవలెను, నాట్యధర్మి ఎచట చాలును అను వివేకమే ప్రయోక్త నైపుణ్యము.

శ్రీశంకుకుని చిత్రతురగన్యాయమును ఇచట స్మరింపదగినది. చిత్రమందలి గుఱ్ఱమును చూచి 'ఇది గుఱ్ఱము' అనువాడు భ్రాంతిలో లేడు, సందేహములోను లేడు. దానికి గడ్డి వేయబోడు. అట్లే కంప్యూటరు ముందు ఢిల్లీనుండి హైదరాబాదునకు విమానము నడపువాడు తన కుర్చీ కదలలేదని ఎఱుగును. అయినను దిగుటకు అనుమతి వచ్చువఱకు అతని శ్రద్ధ సడలదు.

2. కల్పిత లోకమున నిజమైన వాక్కు

ఏకాంత క్రీడయందు అనుకరింపబడునది యంత్రము: గడియారములవంటి పరికరములు, మేఘములు, ఇంజను ధ్వని. కంట్రోలరు ప్రవేశించినతోడనే అనుకరణ విషయము మారును. విమానము కల్పితము, రన్‌వే కల్పితము, ప్రయాణికులు లేనే లేరు. కాని ఆజ్ఞను ఇచ్చినవాడు నిజమైన మనుష్యుడు. దానికి కట్టుబడుదునని బదులు పలికినవాడును నిజమైన మనుష్యుడే. ఈ క్రీడ మొత్తమున కల్పితము కానిది ఈ వాగ్బంధమొక్కటియే.

ఆ వాక్కు సామాన్య సంభాషణము కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1956లో స్థిరపఱచిన 'ఆల్ఫా, బ్రావో, చార్లీ' అను అక్షరనామములు నేటికిని వాడుకలో నున్నవి. రేడియో రొదలో అంకెలు తారుమారు కాకుండుటకై మూడును 'ట్రీ' అనియు, ఐదును 'ఫైఫ్' అనియు, తొమ్మిదిని 'నైనర్' అనియు ఉచ్చరింతురు. 'రోజర్' అనగా 'మీ మాట పూర్తిగా వింటిని' అని మాత్రమే అర్థము, అంగీకారము కాదు. 'విల్కో' అనగా 'తెలిసినది, అట్లే చేయుదును' అని అర్థము. ముఖ్యమైన ఆజ్ఞను విన్నవాడు దానిని తిరిగి పలుకవలెను. పలికిన దానిని కంట్రోలరు సరిచూడవలెను. వేదపాఠమున గురువు పలికినదానిని శిష్యుడు మరల పలుకుట వంటి విధానమిది. అచట రక్షింపబడునది శబ్దము, ఇచట ప్రాణము.

ఈ కట్టుబాటు వెనుక విషాద చరిత్ర కలదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపమున రెండు బోయింగ్ 747 విమానములు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. అనుమతి రాకయే బయలుదేరిన పైలటు పలికిన అస్పష్ట వాక్యమును, దానికి కంట్రోలరు మొదట పలికిన 'ఓకే' అను మాటయు, తరువాతి హెచ్చరికను రేడియోలో రెండు గొంతులు ఒకేసారి పడి చెఱచుటయు ఆ ప్రమాదమునకు తోడ్పడినవి. అటుపిమ్మట 'టేకాఫ్' అను పదమును అనుమతి నిచ్చునపుడును దానిని రద్దుచేయునపుడును తప్ప కంట్రోలర్లు వాడరాదను నియమము ప్రబలినది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానములు గగనమున ఢీకొని 349 మంది మరణించిరి. ఒక విమానము తనకు నిర్దేశించిన ఎత్తుకంటె క్రిందికి దిగుట దీనికి కారణము. ఆ సిబ్బంది ఆంగ్ల పరిజ్ఞానలోపమును చర్చకు వచ్చినది. అంతర్జాతీయ విమానయానమున పైలట్లకును కంట్రోలర్లకును విధింపబడి 2008లో అమలునకు వచ్చిన భాషాసామర్థ్య నియమములకు ఇట్టి ప్రమాదములే ప్రేరకములు.

క్రీడయందు ప్రాణభయము లేదు. మరి పణముగా నున్నదేమి? ఇతరుల కాలమును, వారి విశ్వాసమును. ఒకడు ఆజ్ఞను మీఱి రన్‌వేపైకి వచ్చినచో, మూడు గంటలు ప్రయాణించి దిగబోవుచున్న మరియొకని సాయంకాలము వ్యర్థమగును. ఆటలో మోసగించువానికంటె ఆటనే చెఱచువాడు ప్రమాదకారియని డచ్చి పండితుడు హౌజింగా తన 'హోమో లూడెన్స్' (1938) గ్రంథమున వివరించెను. మోసగాడు ఆటలోకమును అంగీకరించినట్లయినను నటించును, చెఱచువాడు ఆ లోకమునే కూల్చును.

3. కాఠిన్యమెచట, సడలింపెచట

వాట్‌సిమ్ నియమావళిని ఈ దృష్టితో పరిశీలించినచో ఒక సూత్రము గోచరించును. ఆటగాని స్వవిషయములందు నియమములు మృదువులు. ఇతరులను తాకు విషయములందు కఠినములు.

ఒక పైలటు తన విమానమున ఇంజనును ఏడెనిమిది మీటలు నొక్కి విధివిధానముగా ప్రారంభించినను, ఒక్క మీటతో ప్రారంభించినను అడుగువారు లేరు. నిజముగా ఇద్దరు చేయు పనిని ఒక్కడే చేయును. మైకు లేనివాడును, మాటాడ సంకోచించువాడును అక్షరములు టైపుచేసి బదులీయవచ్చును. ఇవి యన్నియు నాట్యధర్మి. కాని వాడుకలో నున్న రన్‌వేపై హఠాత్తుగా ప్రత్యక్షమగుట నిషిద్ధము. అర్ధగంటకు మించి కంప్యూటరును వదలి పోరాదు. పిలుపునకు బదులు పలుకని విమానము ఇతరులకు అడ్డంకి గనుక. ఇది లోకధర్మి.

ఆపద నటనమునకు సంబంధించిన నియమము మిక్కిలి ఆలోచింపదగినది. ఇంజను చెడినట్లు పైలటు నటింపవచ్చును. కాని రద్దీవలన వీలుకాదని కంట్రోలరు చెప్పినచో ఆ నటనను మానవలెను, లేదా ఆటనుండి తొలగవలెను. నిజజీవితమున ఆపదనుండి తొలగుమని ఏ కంట్రోలరును చెప్పడు. ఇచట యాథార్థ్యము తెలిసి తెలిసి త్యజింపబడినది. ఒకని నాటకీయానుభవము పదిమంది ప్రయాణమును భంగపఱుపరాదనుటయే హేతువు. విమానాపహరణ నటనము పూర్తిగా నిషిద్ధము. శోకమును రసముగా మలచుట వేఱు, భయోత్పాతమును పరిహాసముగా మార్చుట వేఱు.

కంట్రోలరు పక్షమునను ఇట్టి కలయికయే కలదు. విమానాశ్రయమున నలువురైదుగురు చేయు పనిని, తక్కినవారు లేనపుడు పై స్థానమునందలి కంట్రోలరొక్కడే నిర్వహించును. తోలుబొమ్మల గాయకుని వలె ఒకే గొంతు గ్రౌండుగను టవరుగను పలుకును. ఎవరును లేనిచోట పైలట్లు 122.8 అను ఉమ్మడి ఫ్రీక్వెన్సీపై తమ ఉద్దేశములను పరస్పరము తెలుపుకొందురు. కాని ధ్వని విషయమున సంస్థ లోకధర్మినే ఆశ్రయించినది. 2019 అక్టోబరులో ప్రవేశపెట్టిన నూతన ధ్వనివ్యవస్థయందు దూరమును ఎత్తును బట్టి రేడియో వినికిడి మారును. ఇద్దరొకేసారి మాటాడినచో నిజమైన రేడియోయందువలెనే మాటలు చెడును. ఒకరి మాట ముగియువఱకు ఆగుట అను సంయమమును నియమముకంటె ఈ అనుకరణమే బాగుగా నేర్పుచున్నది.

సమతూకము అంతటను ఒకటే కానక్కఱలేదు. అమెరికా పశ్చిమ ప్రాంతమున రుసుము తీసికొని, నియమిత వేళలలో కంట్రోలర్లను సిద్ధముగా నుంచు 'పైలట్‌ఎడ్జ్' సంస్థ టైపు చేయుటను అంగీకరింపదు. నిజమైన శిక్షణమును కోరువారు అచటికి పోవుదురు. ఉచిత సంస్థ ద్వారము విశాలముగా నుండవలసియున్నది.

4. కొత్తవాని భయము

విశాలద్వారమున ప్రవేశించు కొత్తవానిని మొదట అడ్డగించునది భయము. విమానమును ఎంత చక్కగా నడపగలిగినను, అపరిచితులు వినుచుండగా మైకు మీట నొక్కి మొదటి వాక్యము పలుకుట పలువురకు కష్టము. ఆంగ్లము మాతృభాష కానివానికి ఈ సంకోచము ద్విగుణము. ఆంగ్లేతర దేశములందు స్వభాషలో మాటాడుటకు వాట్‌సిమ్ అనుమతించును. ఆ భాష ఎఱుగని పైలటునకు మాత్రము ఆంగ్లముననే చెప్పవలెను. అయినను ఈ వ్యవహార భాషకు ఆంగ్లమున ధారాళముగా సంభాషించు శక్తి అక్కఱలేదు. పరిమిత పదములు, నియతక్రమము, వినినదానిని తిరిగి పలుకుట. ఇవి అభ్యాసముచే అలవడునవి. నియతభాష ఇచట బంధనము కాదు, ఊతకఱ్ఱ.

కంట్రోలరు నెలల తరబడి శిక్షణ పొంది, పరీక్షలు నెగ్గి, క్రమముగా గ్రౌండునుండి టవరునకును, అటనుండి అప్రోచ్‌నకును ఎదిగినవాడు. తన శ్రమకు తగిన శ్రద్ధను పైలటునుండి కోరుట న్యాయమే. కాని తప్పుచేసిన కొత్తవానిని అందఱు వినుచుండగా గద్దించు కంట్రోలరు యాథార్థ్యమును రక్షించినవాడు కాడు. ఒక ఆటగానిని పోగొట్టుకొనినవాడు. ఆజ్ఞను చిన్న భాగములుగా విభజించి నెమ్మదిగా చెప్పుట, మరల అడిగినచో విసుగుకొనకుండుట, వివరణమును విడిగా వ్రాసి పంపుట అనునవి క్రీడాధర్మములే కాక నిజమైన వృత్తి లక్షణములును. ఆజ్ఞ సరిగా చేరినదా యనుటయే ఆ వృత్తికి ప్రధానము గదా.

కావున యాథార్థ్యమును వినోదమును త్రాసునందలి రెండు తట్టలుగా భావించుట సరికాదు. యంత్రమునకు సంబంధించిన యాథార్థ్యము ఎవరి ఇచ్ఛకొలది వారిది. వాక్కునకు సంబంధించిన యాథార్థ్యము అందఱి సొత్తు. అది చెడినచో వినోదమునకును ఆధారము పోవును. చిత్రమందలి గుఱ్ఱమునకు గడ్డి అక్కఱలేదు. కాని ఆ చిత్రమును కలసి చూచువారు పరస్పరము ఇచ్చుకొను మాటకు కట్టుబాటు కావలెను.