పసిబిడ్డ యులికిపాటు

పసికందు ఉయ్యాలలో నిదురించుచుండగా తలుపు చప్పుడైన చాలును, చేతులు రెండును చాచి, మరల ఱొమ్మునకు ముడుచుకొని యేడ్చును. ఇది చూడని తల్లి యుండదు. మన యిండ్లలో దీనిని దిష్టియనియు, బాలగ్రహమనియు దలచి, ఉప్పు దిగదుడిచి, తాయెత్తు గట్టుదురు. హైడల్‌బర్గు నగరమున శిశువైద్యుడుగా నుండిన ఎర్నెస్టు మోరో 1918లో ఈ చేష్టను వర్ణించెను. ఇది రోగము గాదు; బిడ్డ నాడులు చక్కగా పనిచేయుచున్నవనుటకు గుఱుతు. అయిదాఱు నెలలు నిండునప్పటికి తనంతట తానే యణగిపోవును. కాని మిక్కిలి యరుదుగా కొందఱు బిడ్డలయందు వేఱొక యులికిపాటు గలదు. అది ప్రాణాపాయకరము. ఈ రెంటి భేదము నెఱుగుటకు వెన్నుపాములో జరుగు పనిని గొంచెము తెలిసికొందము.

నాడీకణములు ఒకదానితో నొకటి మాటాడుకొనుట చాలవఱకు రసాయనద్రవ్యముల మూలముననే. నాడి విడుచు ద్రవ్యమే సందేశమును మోయునని ఓటో లోవీ 1921లో కప్పగుండెలపై జేసిన పరీక్షచే చూపెను. వెన్నుపాములో కొన్ని ద్రవ్యములు "కదలుము" అని చెప్పును. కొన్ని "ఆగుము" అని చెప్పును. ఆగుమను వానిలో గ్లైసిను ముఖ్యము. మన యడవులలో దొరకు ముష్టిగింజలోని విషము ఈ గ్లైసిను మాటను నాడీకణమునకు వినబడనీయదు. కనుకనే ఆ విషము సోకినవానికి చిన్న చప్పుడైనను దేహము విల్లువలె బిగిసిపోవును. కదలుటకు శక్తి యెంత యవసరమో, అదుపును అంత యవసరమని దీనివలన గ్రహింపవచ్చును.

అయితే పని ముగిసిన వెంటనే గ్లైసినును తీసివేయవలెను. లేనిచో "ఆగుము" అను మాటకు అంతముండదు. ఇందులకై వాహకములను మాంసకృత్తులు కణముల పొరలో నమరియున్నవి. వడ్లు దంచిన పిదప ఇల్లాలు రోటిచుట్టు చెదరిన గింజల నూడ్చి, వానిని మరల కుండలో బోసి దాచును గదా. అట్లే, మొదటి వాహకము ముఖ్యముగా నాడుల ప్రక్కనుండు తోడుకణములలో నుండి ఊడ్చు పని చేయును. రెండవది గ్లైసినును విడిచిన నాడికొనయందే యుండి, దానిని లోనికి దెచ్చి మరుసటి వాడుకకు నిలువచేయును.

వీని విలువ 2003లో ప్రకటింపబడిన చుంచెలుకల పరీక్షలవలన దెలిసెను. మొదటి వాహకము లేక పుట్టిన పిల్లలలో గ్లైసిను మితిమీరి నిలిచి, ఊపిరి సన్నగిల్లి, అవి యొక దినములోనే మరణించినవి. రెండవది లేని పిల్లలు పుట్టినప్పుడు ఆరోగ్యముగనే కానవచ్చినవి. రెండవ వారమున వణకు, బిగువు పుట్టి, పిదప చనిపోయినవి. ఊడ్చునది లేకున్నను, నింపునది లేకున్నను ఇల్లు సాగదన్నమాట.

మఱియొక వింత గలదు. లేత నాడీకణములలో ఉప్పునందలి భాగమగు క్లోరైడు అధికముగా నుండుటచే, పెద్దలకు "ఆగుము" అనునట్టి మాటయే వానికి "కదలుము" అని వినబడును. క్లోరైడును వెలికి దోయు వేఱొక వాహకము పెరిగిన కొలదిని ఆ మాటకు సరియైన యర్థ మేర్పడును. ఎలుకపిల్లల వెన్నుపామున ఈ మార్పు పుట్టుకకు ముందువెనుకలుగా జరుగును. కావున బిడ్డ కన్ను దెఱచినంత మాత్రమున లోపలి నిర్మాణము ముగిసినదని తలపరాదు.

ఇక రోగమునకు వత్తము. స్వీడను దేశపు కుటుంబమొకదానియందు దీనిని 1958లో వర్ణించిరి. ఎక్కువమందిలో గ్లైసిను నందుకొను భాగమున లోపముండును. కొందఱిలో పైని జెప్పిన రెండవ వాహకమునందే లోపమున్నదని 2006లో తేలెను. ఇట్టి బిడ్డ పుట్టినది మొదలు మెలకువలో కట్టెవలె బిగిసియుండును. నిదురలో బిగువు సడలును. ముక్కుకొనను మెల్లగా తట్టిన ప్రతిసారియు ఉలికిపడును, ఎన్నిమారులు తట్టినను అలవాటు పడదు. బిగువు హెచ్చినప్పుడు ఊపిరి నిలిచిపోవచ్చును. దీనిని మూర్ఛయని పొరబడుటయు గలదు. అట్టి సమయమున బిడ్డ తలను, కాళ్లను కడుపువైపునకు మెల్లగా వంచినచో బిగువు విడును. ఈ యుపాయమును ఇటలీ వైద్యులు 1989లో ప్రకటించిరి. క్లోనజిపామను మందు చాలమందికి మేలుచేయును. కాని దానిని వైద్యుడే యీయవలెను. మొదటి యేడు గడచునప్పటికి బిగువు సాధారణముగా తగ్గును.

ఇట్టి బిడ్డను గన్న తల్లిని, "కడుపుతో నున్నప్పుడు భయపడితివి, గ్రహణము చూచితివి" అని నిందించుట అన్యాయమని మేము గట్టిగా చెప్పుచున్నాము. ఈ లోపము తఱచు తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించును. మేనరికములు గల వంశములలో ఇట్టి కలయికకు అవకాశ మెక్కువ. ఇంటిలో నొక బిడ్డకు కలిగినచో, తరువాతి కాన్పునకు ముందే వైద్యుని సలహా పొందవలెను.

సోదరీమణులారా, చప్పుడునకు చేతులు చాచి యేడ్చి, ఎత్తుకొనగనే యూరడిల్లు బిడ్డనుగూర్చి భయపడకుడు. కట్టెవలె బిగిసి, రంగు మాఱి, ఊపిరి తడబడు బిడ్డను మాత్రము తాయెత్తుకై యొక పూటయైనను ఇంట నుంచుకొనక ఆసుపత్రికి దీసికొనిపొండు.