రూపాయల తూనికలో వ్యర్థజలము

హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో సుమారు తొంభై ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్, అతని సహచరులు, అందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవినాశక మందు కలదని 2007లో ప్రకటించిరి. శుద్ధి ముగిసిన పిమ్మటి నీరది! ఆ మందును మ్రింగిన రోగి రక్తమునందు సైతము సాధారణముగా అంత సాంద్రత కానరాదు. అట్టి కర్మాగారముల ముడిమందును కొని, మాత్రలు చేసి, దేశదేశములకు అమ్ముకొను సంస్థ తన వార్షిక నివేదికలో ఈ నీటిని గూర్చి ఏమి వ్రాయవలెను?

మార్కెట్ విలువలో మొదటి వేయి లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థయైన సెబీ 2022-23 నుండి తప్పనిసరి చేసిన బాధ్యతా నివేదికలో, సుస్థిరముగా సరకు కొనుటకు మీకు విధానము కలదా, కలదేని ముడిసరకులో ఎంత శాతము అట్లు కొంటిరి అను ప్రశ్న యున్నది. జవాబు తయారగు తీరు చూడదగినది. కొనుగోలు విభాగమువారు సరఫరాదారునకు ప్రశ్నావళి పంపుదురు. అతడు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నకలును, పర్యావరణ నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఓ 14001 ధ్రువపత్రమును జతపరచి, సంతకముతో త్రిప్పి పంపును. అట్టివారికి చెల్లించిన సొమ్మును మొత్తము కొనుగోళ్లతో భాగించినచో శాతము సిద్ధించును. ఎవరైనను ఫ్యాక్టరీ వెనుక కాలువకు పోయి సీసాలో నీరు పట్టిరా అనునది ఆ అంకెవలన తెలియదు.

మొదటి 250 కంపెనీలు సరఫరాదారుల పర్యావరణ వివరములను గూడ వెల్లడింపవలెనని 2023లో విధించిన సెబీ, తరువాత పట్టు సడలించి, 2025-26 నుండి దానిని ఐచ్ఛికము గావించినది; కొనుగోళ్లలో విడిగా రెండు శాతమునకు తగ్గనివారే ఆ లెక్కలోనికి వత్తురు. చిన్నవారిపై కాగితముల బరువు తగ్గింపవలెననుట న్యాయమే. కాని విషము బిల్లు మొత్తమును బట్టి పుట్టదు. చవకయైన ఒక ద్రావణికి చెల్లించిన సొమ్ము కన్న మందుపెట్టెల అట్టకైన ఖర్చు హెచ్చు కావచ్చును. అప్పుడు అట్టలమ్మువాడు నివేదికకెక్కును, ద్రావణి కాచువాడు తప్పించుకొనును.

ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రముగా గల గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్ వారి 308వ ప్రమాణము ఇంతకన్న కటువుగా అడుగును: పర్యావరణమునకు గణనీయమైన హాని చేయుచున్నట్లు తేలిన సరఫరాదారులు ఎందరు, వారిలో ఎందరు దిద్దుకొనుటకు ఒడంబడిరి, ఎందరితో తెగతెంపులైనవి? వందలకొలది సరఫరాదారులు గల సంస్థ ఆ మొదటి గడిలో సున్న చుట్టినచో, నాకు దాని నిర్మలత్వముకన్న దాని తనిఖీపైననే ముందుగా అనుమానము కలుగును.